బార్బ్లా అత్త ఏడు గంటల ఇరవై నిమిషాలు

బార్బ్లా అత్తలో ఉన్న అవలక్షణం ఒక్కటే: తన నడక గురించి ఆవిడ నిజం చెప్పదు. ఆల్ప్స్‌లోని మా లోయలో నడక గురించి నిజం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కనుక ఇందులో వింత లేదనిపించవచ్చు. ఉంది. తక్కినవాళ్ళు పట్టిన సమయాన్ని తగ్గించి చెబుతారు. ఆవిడ పెంచి చెబుతుంది.

మా ఊరి నెత్తిన ఉన్న పిట్స్ దుర్మాన్ శిఖరం ఎత్తు 3,187 మీటర్లు. వంతెన దగ్గర బయలుదేరి, చేతులతో రాళ్ళు పట్టుకుంటూ తూర్పు వెన్ను ఎక్కి, పడమటి వెన్ను మీదుగా అవతలి పచ్చికలోని జున్ను పాకకు దిగాలి. ఒక్క రోజులో, ఒంటరిగా, తాడు లేకుండా. దీన్ని మేము ‘దాటు’ అంటాం. దాటేవాళ్ళు శిఖరం మీది శిలువ కింద ఉన్న పుస్తకంలో తమ వేళలు రాయాలి. అందులో అబద్ధం రాస్తే పర్వతం ఊరుకోదని నమ్మకం. అత్త విషయంలో అది ముప్ఫై ఏళ్ళుగా ఊరుకుంటూనే ఉంది.

ఉత్తరాలు పంచి రిటైరైన ఆవిడకు ఇప్పుడు అరవై ఎనిమిది. ఉదయం అయిదున్నరకు బయలుదేరి, ఎనిమిది కాకముందే శిఖరం మీద కూర్చుని ‘చేరిన వేళ: పదీ నలభై’ అని రాసే మనిషి. కింద వివరణ కూడా ఉంటుంది: ‘మోకాలు సహకరించలేదు. నాలుగుసార్లు కూర్చున్నాను. ఒకసారి ఏడ్చాను.’ కిందికి దిగాక మొత్తం దాటుకు పట్టిందని చెప్పే సమయం మాత్రం ఏటా అదే: ఏడు గంటల ఇరవై నిమిషాలు.

ఫలితంగా మా లోయలో ఆవిడను ఓడించనివాడు లేడు.

“అత్తా, ఆరున్నర గంటల్లో దాటేశాను!” అంటాడు పాక పక్కన సత్రం నడిపే మెన్.

“అబ్బో! అవి కాళ్ళా, మేక గిట్టలా?”

నూట పది కిలోల మంగలి దూరి ఐదు నిమిషాల తేడాతో ఆవిడను ఓడించాడు. ఆ సంతోషంలో వారం పాటు ఊళ్ళో మీసాలన్నీ వంకరగా కత్తిరించాడు.

ఎదుటి కొండ మీది వాతావరణ కేంద్రంలో నా ఉద్యోగం. మేఘాల కోసం పెట్టిన దుర్బిణిలో వంతెనా కనిపిస్తుంది, పాకా కనిపిస్తుంది. తొమ్మిది వేసవుల్లో అత్త దాట్లు ఇరవై ఏడు నమోదు చేశాను. సగటు నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలు. పాకకు చేరాక ఆవిడ బూట్లు విప్పి, మజ్జిగ తాగి, గోడ వెనక నిద్రపోతుంది. పన్నెండూ యాభైకి లేచి, కనబడిన ప్రతి గుంజనూ పట్టుకుంటూ సత్రంలోకి వస్తుంది. “చచ్చాను మెన్! కుర్చీ వెయ్యి!”

ఈ వసంతంలో పర్వతారోహణ సంఘంవారు వంతెన దగ్గర, దాటుకు ఎంతసేపు పడుతుందో చెప్పే కొత్త పలక నాటాలనుకున్నారు. అందరికంటే ఎక్కువసార్లు దాటినవాళ్ళ సమయాన్నే పలక మీద చెక్కడం మా ఆచారం. అంటే అత్త సమయాన్ని. కార్యదర్శి లినార్డ్ మొహం వేలాడేసుకుని నా దగ్గరికొచ్చాడు.

“ఏడూ ఇరవై అని చెక్కిస్తే పక్క లోయవాళ్ళు పడీపడీ నవ్వుతారయ్యా.”

నేను నోటుపుస్తకం తెరిచాను.

“నాలుగూ ఇరవై రెండా? ఈ వయసులోనా? మన అత్తేనా?” లినార్డ్ కళ్ళు తుడుచుకున్నాడు. “పేరుతో సహా చెక్కిస్తాను!”

నా కొలతలు చదివి ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకోవడం అదే మొదలు. నాకూ గర్వంగానే ఉంది.

సాయంత్రానికల్లా అత్త కొండెక్కి వచ్చింది.

“ఎన్నేళ్ళుగా చూస్తున్నావు?”

“తొమ్మిది.”

“సిగ్గులేదూ, ముసలిదాని కాళ్ళు చూడ్డానికి?”

“మేఘాలను చూస్తుంటే కనబడ్డాయి అత్తా.”

“మేఘాలు మేజోళ్ళు వేసుకుంటాయా?” అని కూర్చుంది. “సరే, లెక్కల మనిషివి కదా, చెప్పు. పలక మీద నాలుగు గంటలని చూస్తే దూరి ఎన్నింటికి బయల్దేరతాడు?”

“ఎనిమిదికి.”

“వాడికి పట్టేది?”

“ఏడుంబావు.”

“మరి పిడుగులు ఎన్నింటికి మొదలవుతాయి?”

అదీ నా దగ్గరే ఉంది. జూలై, ఆగస్టుల్లో తొలి ఉరుము సగటున మధ్యాహ్నం రెండూ పదికి. అప్పటికి దూరి పడమటి వెన్ను మీద, అంత ఒంటితో, ఒంటరిగా ఉంటాడు. ఉరుముల పుస్తకమూ అత్త దాట్ల పుస్తకమూ ఒకే అరలో పెట్టుకుని కూడా నేను ఏనాడూ పక్కపక్కన తెరవలేదు.

“ముప్ఫై ఏళ్ళ కింద నిజమే రాశాను,” అంది అత్త. “నన్ను ఓడించాలని ముగ్గురు ఎనిమిదింటికి బయల్దేరారు. పిడుగుల మోతకు చెవులు గింగురుమంటూ, తడిసి ముద్దై పాకలో పడ్డారు. ఆ మరుసటేడు నుంచి నాకు మోకాళ్ళ నొప్పి. ఏడూ ఇరవై అంటే అందరూ తెల్లారగట్లే లేస్తారు. పన్నెండుముప్పావుకి దూరి సత్రంలో సూపు తాగుతాడు. పైగా నన్ను ఓడిస్తాడు. పాపం, మధ్యలో నీ కొలతలకేం నష్టం?”

మర్నాడు లినార్డ్‌తో నా దుర్బిణి అద్దంలో దోషం ఉందన్నాను. నా ఉద్యోగజీవితంలో అది మొదటి దొంగ లెక్క.

“నిన్ను నమ్మి ఏడ్చాను కదయ్యా!” అన్నాడతను. పలక మీద ఏడూ ఇరవై చెక్కారు.

ఆగస్టులో నేనూ దాటాను. అయిదున్నరకు వంతెన దగ్గర ఇద్దరం ఒకేసారి బయలుదేరాం. మొదటి మలుపులోనే అత్త కనుమరుగైంది. నేను పాకకు చేరేసరికి పన్నెండూ నలభై ఒకటి. గోడ వెనక నిద్రపోతున్న ఆవిడ నా బూట్ల చప్పుడుకి దిగ్గున లేచింది.

“అప్పుడే వచ్చావా! లోపలికి పో, త్వరగా. నేనింకా రాలేదు!”

వెళ్ళి కూర్చున్నాను. సరిగ్గా తొమ్మిది నిమిషాలకు తలుపు పట్టుకుని, రొప్పుతూ ఆవిడ ప్రవేశించింది. నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“మెన్, చూశావా! ఈ లెక్కల పురుగు కూడా నన్ను ఓడించేశాడు!”

సత్రమంతా లేచి చప్పట్లు కొట్టింది. అసలు తేడా ఎంతో ఆ గదిలో నాకు నిమిషాలతో సహా తెలుసు. అయినా నిటారుగానే కూర్చున్నాను.