తమ్ముణ్ణి నాన్నా అన్న ఒనొరిన్

ఒనొరిన్ నోరు పెద్దదని ఓడరేవు దువాలాలో పాత బట్టల బజారంతా ఒప్పుకుంటుంది. ఆ నోట్లో ఐదు భాషలు ఆడతాయని మాత్రం ఒక్కరూ ఒప్పుకోరు. "అవి భాషలా! ఒక్కోదాని దగ్గర నాలుగేసి ముక్కలు ఎత్తుకొచ్చి మూట కట్టుకుంది" అంటారు పక్క కొట్ల ఆడవాళ్లు. వాళ్ల మంటకూ కారణముంది. పరాయి దేశాల నుంచి ఓడ మీద వచ్చిన పాత బట్టల మూట కోయగానే అందరూ మంచి కోటు కోసం, చిరగని చొక్కా కోసం మీదపడి పెనుగులాడుతుంటే, ఒనొరిన్ వాళ్ల చంకల్లోంచి చెయ్యి దూర్చి జేబులు తడుముతుంది. తను కొనని కోటు జేబులు కూడా. ఒకదాంట్లో ట్రాము టిక్కెట్టు దొరికేది, ఒకదాంట్లో చాక్లెట్టు కాగితం. వాటి మీది అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చుంటే వచ్చిన బేరం కాస్తా పక్క కొట్టుకు పోయేది.

"ఆ ట్రామెక్కిన మనిషి చచ్చే ఉంటుంది. అందుకే కోటు ఇక్కడికొచ్చింది. నువ్వెక్కడికే తల్లీ బయల్దేరావు?" అని ఎద్దేవా చేసేవారు.

"ఆవిడ సీటు ఖాళీ అయిందిగా, అందులో కూర్చోడానికి" అనేది ఒనొరిన్.

పుట్టిన భాష తల్లి నేర్పింది. ఫ్రెంచి బడిలో బెత్తం నేర్పింది. ఇంగ్లీషు చెప్పులమ్మే నైజీరియా వాళ్ల దగ్గర తిట్లతో మొదలుపెట్టి నేర్చుకుంది. స్పానిషు నేర్పింది సముద్రం అవతలి మలాబో నుంచి ఉల్లిపాయల కోసం వచ్చే ఒక లావుపాటి వర్తకురాలు. మధ్యలో ఓసారి పెళ్లయింది. నిద్రలో కూడా ఎవరి భాషలోనో గొణుగుతోందని, ఆ అవతలివాడెవడో చెప్పమని మొగుడు రోజూ నిలదీసి, చివరికి పెట్టె బయట పడేశాడు. ఆమె ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని తల్లి సిదొని గదికి వచ్చి, ఆ సాయంత్రమే జర్మన్ క్లాసులో చేరింది. జర్మనీలో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి మనుషులు చాలట్లేదట, భాష వస్తే పనిచ్చి పిలుస్తారట.

పేటలో మాత్రం చర్చి పాటల సాధనకు పోతున్నానని చెప్పింది. అందులో తప్పేమీ లేదు. పరాయి దేశం పోయేవాళ్లు అక్కడ దిగి ఫోను చేసేదాకా ఇక్కడ గాలికి కూడా చెప్పరు. చెబితే ఎవడి కన్నో పడుతుంది, వీసా ఆగిపోతుంది, లేదా విమానం మెట్ల దగ్గర కాలు విరుగుతుంది. అందుకే ఆమె పరీక్ష గట్టెక్కిన సంగతి, పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడిన సంగతి సిదొనికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ సిదొనే ఆ పాస్‌పోర్టును గుడ్డలో చుట్టి నడుముకు కట్టేసుకుంది.

"ఇవ్వమ్మా, వచ్చే వారం ప్రయాణం."

"గాస్తోన్ చేతిమీదుగా, పోయిన మీ నాన్నకు నూనే ఉప్పూ పడాలి. పడితేనే ఇస్తాను. దీవెన లేకుండా సముద్రం దాటిన వాళ్లు ఏమయ్యారో నాకు తెలుసు."

"అందరూ బాగానే ఉన్నారు. ఫోటోలు పంపుతున్నారు."

"ఫోటోలో అందరూ బాగానే ఉంటారే మొద్దూ!"

గాస్తోన్ ఒనొరిన్‌కి సవతి తమ్ముడు. తండ్రి కామ్‌దెమ్ మూడో పెళ్లాం కొడుకు, ఆమెకన్నా ఎనిమిదేళ్లు చిన్న. అయినా పోతూ పోతూ పెద్దాయన వారసుడిగా అతని పేరే చెప్పాడు. వారసుడంటే ఇల్లూ పొలమూ అనుభవించేవాడు మాత్రమే కాదు. తండ్రి పీట మీద కూర్చున్నవాడు తండ్రే. అతని పెళ్లాలు తల్లులు. తనకన్నా పెద్దవాళ్లయిన అక్కలు కూడా వంగి, రెండు చేతులూ దోసిలి పట్టి, "నాన్నా" అని పిలవాలి. అందరూ పిలిచారు. ఒనొరిన్ ఒక్కతే పదేళ్లుగా, నలుగురిలో, నోరారా "ఒరే గాస్తోన్" అంటోంది. పోయిన పెద్దల పుర్రెలు దాచిన గదిలో, తండ్రి పుర్రె ముందు నూనె, ఉప్పు పోస్తేనే దీవెన. ఆ గది తలుపు తెరిచే హక్కు అతనొక్కడిదే. ఇదీ ఆమె ఇరుక్కున్న చోటు.

మర్నాడు తెల్లవారుతూనే కొండల్లోకి పోయే బండెక్కి తండ్రి ఊరు బహామ్‌లో దిగింది. మంచు ఇంకా విడలేదు. గాస్తోన్ వరండాలో, పులితోలు బొమ్మ అచ్చేసిన దుప్పటి కప్పుకుని, తండ్రి పీట మీద కూర్చుని వక్క నమిలినట్టు కోలా కాయ కొరుకుతున్నాడు. ఆమె పెట్టె చూశాడు. కూర్చోమనలేదు.

"దారి తప్పావా అక్కా? దువాలా కిందుగా పోవాలి."

"నీతో పనుండి వచ్చాను."

"ఎవరితో?"

ఆమె పళ్లు బిగించింది. పొయ్యి దగ్గర చేమదుంపలు దంచుతున్న అతని చిన్నపెళ్లాం ఎద్విజ్ రోకలి ఆపి మరీ చూస్తోంది. ఇరవై రెండేళ్ల పిల్ల, ముక్కు పైకి పెట్టుకుని.

"ఏదో తెల్లవాళ్ల దేశం భాష నేర్చావటగా," అన్నాడు గాస్తోన్. దీవెన అతనే ఇవ్వాలి కాబట్టి సిదొని ముందే ఫోనులో అతనొక్కడికి చెప్పి ఉంచింది. "అన్ని దేశాల మాటలూ తిరిగే నాలుక, ఈ ఒక్క మాటకూ తిరగదా? నీ ఇష్టం. తలుపు తాళం నా దగ్గరుంది. నాకేం తొందర లేదు."

ఆమె పెట్టె కింద పెట్టింది. వంగింది. దోసిలి పట్టింది. చేపముల్లు ఉమ్మినట్టు "నాన్నా" అంది.

గాస్తోన్ మొహం విప్పారింది. పొరుగు దొడ్లకు కూడా వినపడేట్టు "ఇంకోసారి!" అన్నాడు. అంది. అతను కోలా పిప్పి పక్కన ఉమ్మి, దుప్పటి సర్దుకుని, తీరిగ్గా చెప్పాడు. "బాగుంది కూతురా. ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది. ఇప్పుడు నాన్న చెబుతున్నాడు, విను. కామ్‌దెమ్ ఇంటి ఆడపడుచు ఎక్కడో చలిలో పరాయి ముసలాళ్ల ముడ్లు కడగటానికి నేను ఒప్పుకోను. నూనె లేదు, ఉప్పూ లేదు. ఇక్కడే ఉండు."

ఎద్విజ్ కిసుక్కున నవ్వింది.

ఒనొరిన్‌కి ముందు చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. పీటను కాలితో తన్నేద్దామనిపించింది. నోరు తెరిచి, అందులో ఉన్న ఐదు భాషల తిట్లలో ఏది సరిపోతుందా అని వెతుక్కుంటూ ఉండగా, అతను అన్న చివరి మాట దగ్గర ఆమె బుర్ర ఆగింది. ఇక్కడే ఉండు! తండ్రి కూతుర్ని ఉండమన్నాక ఏమవుతుందో ఈ కుర్ర తండ్రికి తట్టినట్టు లేదు.

"సరే నాన్నా" అంది. "నా గది ఏది?"

"ఏ గది?"

"కూతురి గది. వెళ్లొద్దన్నావుగా. నాన్న ఇంట్లో ఉంటాను. నాకు రోజూ వేణ్ణీళ్లు కావాలి, నడుం నొప్పి." పెట్టె తీసుకుని తిన్నగా ఎద్విజ్ పొయ్యి దగ్గరికి పోయి పీట లాక్కుని కూర్చుంది. "ఏం వండావమ్మా? కూతురికి మాంసం ముక్క వెయ్యి. నీ కడుపున పుట్టకపోయినా నీ బిడ్డనే."

"నేను నీకంటే పదేళ్లు చిన్న" అంది ఎద్విజ్, గరిటె పట్టుకుని.

"వయసుదేముందమ్మా! ఈ ఇంట్లో పీటే వయసు."

పెట్టకుండా ఉండటానికి వీల్లేదు. తండ్రి ఇంటికి వచ్చిన ఆడపడుచు ముందు చట్టి ఖాళీగా ఉందని తెలిస్తే ఊరు ఊరంతా గాస్తోన్ పీటను చూసి నవ్వుతుంది. పెట్టింది. చేమదుంప ముద్ద, పసుప్పచ్చ పులుసు. ఒనొరిన్ వేలితో ముద్దలో గుంట చేసి, పులుసు చాలలేదని చట్టి ముందుకు తోసింది. అది తిని, సబ్బు లేదంది. సబ్బిస్తే దుప్పటి పలచగా ఉందంది. ప్రతి మాటకూ ముందొక "నాన్నా", వెనకొక "నాన్నా". గాస్తోన్ పొలానికి పోతుంటే వెంటపడి, "నాన్నా, చెప్పులు తెగాయి" అని గట్టున నిలబడి అరిచింది. అతను పదేళ్లు ఆశపడిన మాట రెండు పూటల్లో జోరీగై చెవి చుట్టూ తిరగసాగింది.

మిగతా వేళంతా వరండాలో పచార్లు చేస్తూ జర్మన్ వల్లించింది. ముసలివాళ్ల ఆశ్రమంలో పని కాబట్టి పాఠాలన్నీ ఆ తీరువే. నోరు తెరవండి. చెయ్యి పైకెత్తండి. నిన్న పొట్ట సాఫుగా కదిలిందా? పిల్లిని కోళ్లగంపలో మూసినట్టుగా ఉంది బాబూ ఆ భాష, అని ఎద్విజ్ చెవుల్లో దూది పెట్టుకుంది.

సంత రోజున ఊరి పెద్దలు నలుగురు రాఫియా చెట్టు కల్లు తాగుదామని గాస్తోన్ వరండాకు వచ్చారు. వాళ్ల ముందు అతను పీట మీద నిటారుగా కూర్చుని, పొలం గట్టు తగాదా ఏదో తీరుస్తున్నాడు. ఒనొరిన్ వచ్చింది. వంగింది, దోసిలి పట్టింది. ఇంతమంది ముందు ఇంత వినయం చూసి గాస్తోన్ గడ్డం నిమురుకున్నాడు. ఆమె లేచి, ఎదురుగా నిలబడి, చాలా మర్యాదగా, చాలా స్పష్టంగా, జర్మన్‌లో ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు ఒక ముసలి పెద్ద.

"నాన్నను క్షేమం అడుగుతున్నానండీ."

"ఆహా! ఏమని?"

"రాత్రి పక్క తడిపారా, లేక పిలిస్తే లేచారా అని."

కల్లు ముక్కులోంచి వచ్చింది ఆ పెద్దాయనకి. మిగతావాళ్లు బొర్రలు గట్టిగా పట్టుకుని ఊగిపోయారు. గాస్తోన్ లేచి నిలబడ్డాడు. పీట వెనక్కి పడింది.

"పో! నా ఇంట్లోంచి పో!"

"వెళ్లొద్దన్నది నువ్వే నాన్నా. పొమ్మంటే, దీవించి పొమ్మను."

ఆ రోజు పొయ్యి రాజెయ్యనని ఎద్విజ్ కూడా చెప్పేసింది. "ఈవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. నన్ను అమ్మా అని పిలుస్తోందయ్యా, నా స్నేహితుల ముందు! మా అమ్మ కంటే ముడతలున్నాయి దానికి." గాస్తోన్ మేనత్త దెల్ఫిన్‌కి కబురు పెట్టక తప్పలేదు. కామ్‌దెమ్‌కి తోడబుట్టినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. కర్ర పోటేసుకుంటూ వచ్చి, ఇద్దర్నీ పుర్రెల గది ముందు ఎర్రమట్టిలో ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"నూనె పోస్తావా?" అంది గాస్తోన్‌తో.

"పోస్తాను. ఎలాగోలా పోతే చాలు ఇది."

"ఎలాగోలా పోస్తే ఎలారా! కడుపులో ఒక మాట నొక్కిపెట్టి పోస్తే ఆ నూనె మా అన్నకు చేరదు. దీనికే తగులుతుంది, అక్కడ, ఎవరూ లేనిచోట. ముందు కక్కండి. నువ్వు."

గాస్తోన్ నేల చూశాడు. దవడ కదిలింది. "నాన్న దినాల నాడు వారసుడి పేరు చెప్పి, పెద్దలు గుంపులోంచి నన్ను పట్టుకున్నప్పుడు, నేను భయపడి అరటితోటలోకి పరుగెత్తాను. పద్నాలుగేళ్లవాణ్ణి. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది అత్తా. ఇదొక్కతే నవ్వింది. పగలబడి. ఆ నవ్వు ఇవాళ్టికీ ఈ పీట కింద ఉంది."

"నువ్వు" అంది దెల్ఫిన్, ఒనొరిన్ వైపు కర్ర చూపి.

"నవ్వాను. వీడి నిక్కరు అరటి గెలకు తగులుకుని ఊడింది అత్తా, నవ్వు రాదా? ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది. మా అమ్మ పెద్దపెళ్లాం. నేను పెద్దదాన్ని. నాన్న తన పీటను ఆ నిక్కరు ఊడినవాడికి ఇచ్చాడు. నన్ను చూడనైనా చూడలేదు. వీణ్ణి నాన్నా అన్న ప్రతిసారీ నాకు వాంతి వస్తుంది. అదీ ఉన్న మాట."

"క్షమించమని అడుగు" అన్నాడు గాస్తోన్.

"అడగను. అడిగితే అబద్ధం అవుతుంది."

"చూశావా అత్తా!"

"చూశాను" అంది దెల్ఫిన్. "నాకు కావాల్సింది అదే. ప్రేమలు ఎవడికి కావాలిరా? లోపల దాపరికం లేదు. నీకూ లేదు, దానికీ లేదు. లే, తాళం తియ్యి."

గాస్తోన్ తాళం తీశాడు. చీకటి గదిలో ఎర్రనూనె, ఉప్పు కలిపి నేల మీద పోస్తూ, "నాన్నా, ఇది నీ కూతురు, పొగరుబోతు, నోటి తీట మనిషి. దూరం పోతోంది. దారిలో రాయి తగలకుండా చూడు. అక్కడివాళ్లు చెప్పేది దీనికి అర్థమయ్యేట్టు చూడు. దీని మాట వాళ్లకు అర్థమయ్యేట్టు కూడా చూడు, ఖర్మ!" అన్నాడు. మిగిలిన నూనె ఆమె దోసిట్లో పోశాడు. పోస్తున్నంతసేపూ ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆమె నాకింది. చేదుగా ఉంది, ఉప్పు ఎక్కువేశాడు, కావాలనే.

దెల్ఫిన్ బయటికొచ్చి సిదొనికి ఫోను చేసింది. "పోశాడే. ఇచ్చెయ్ దాని పాస్‌పోర్టు పుస్తకం... రాజీనా? ఏ రాజీ లేదు, కోళ్లలా ఉన్నారు. అయినా పోశాడు, నా కళ్లతో చూశాను. ఇచ్చెయ్."

ఒనొరిన్ పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది. మళ్లీ తిరిగి రాకూడదని ఎద్విజ్ వెనక నుంచి చేట నిండా బూడిద తెచ్చి, ఆమె కూర్చున్నచోట ఒలకబోసి ఊడ్చేసింది. దువాలా బండి ఆగింది. గాస్తోన్ గుమ్మం దాకా వచ్చి, దుప్పటి భుజానికి లాక్కుని అరిచాడు. "అక్కడ దిగగానే మొదటి ఫోను నాకు! నాన్నకు చేశాకే ఎవరికైనా!"

"మొదటిది మా అమ్మకు. రెండోది అత్తకు" అంది ఆమె కిటికీలోంచి. "డబ్బులు మిగిలితే నీకు చేస్తాను గాస్తోన్."

"తీయనే!"

"నాకు తెలుసు. అయినా చేస్తాను, మోగుతూ ఉంటుంది" అంది ఒనొరిన్. బండివాడు తలుపు వేశాడు.