బాల్కనీ కింద కట్టెలు

"మే, బాల్కనీ కింద కట్టెలు అప్పుడే తీయొద్దని సెప్పు."

"సెప్తాలేయ్యా. ముందు ఈ గంజి తాగు."

నా భర్తా నేనూ చివరగా మాట్లాడుకున్నది ఇంతే. గంజి తాగలేదు. మధ్యాహ్నానికి పోయాడు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది.

ఆయనది సెంట్రింగ్ పని. స్లాబు పోసేముందు కింద సవుకు కట్టెలు నిలబెట్టి, పైన పలకలు పరిచేవాడు. కాంక్రీటు గట్టిపడేదాకా బరువంతా ఆ కట్టెలదే. కూలి చదరానికి ఇంత అని మాట్లాడుకుంటాం. కట్టెలు ఎన్నాళ్లు నిలబడినా అంతే. అవి ఒకచోట ఇరుక్కుంటే ఇంకోచోట పని లేదు. అందుకని తొందరగా పీకేసేవాళ్లే ఎక్కువ. ఆయన పీకేవాడు కాదు. కింద గోడ లేకుండా బయటికొచ్చిన బాల్కనీ దగ్గరైతే అసలే కాదు.

ఆయన చివరగా తలచుకున్న బాల్కనీ స్లాబు ఏర్పేడు దగ్గర ఒక కొత్త ఇంటిది. పోసిన రెండోరోజే ఆయన మంచం పట్టాడు. దినాలైన మరునాడే ఇంటి ఓనరు వచ్చి మా గడప బయట నిలబడ్డాడు.

"కట్టెలు అడ్డంగా ఉండాయి మ్మా. పూత పని నిలిచిపోయింది. మనుషుల్ని పంపు, లేకుంటే నేనే పీకిస్తా."

"బాల్కనీ కింద ఇంకా తీయగూడదన్నాడప్పా."

"పోయినోడి మాట పట్టుకుంటే నా ఇల్లు అయ్యేదెప్పుడు?"

వాదించే ఓపిక లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఐరాలలో ఇంకో పని ఆ కట్టెల కోసమే కాచుకుని ఉంది. నాకూ డబ్బు కావాలి.

"మనుషులకు కూలి యాడ తెచ్చేది? నేనే వస్తా. పొద్దున్నే వచ్చి ఒక్కో కట్టే పీకుతా" అన్నాను.

బొట్టు లేని నా నుదుటి వైపు చూశాడు. గృహప్రవేశం కాని ఇంట్లో నాలాంటిదాని అడుగు పడటం ఎవరికి ఇష్టం?

"నువ్వెందుకులే మ్మా. నువ్వు రావద్దు."

"నా కట్టెల మీద ఇంకొకరు చెయ్యేస్తే రాకుండా ఎట్లుంటానప్పా?"

బండెక్కి పోయాడు. మళ్లీ తొందరపెట్టలేదు.

కట్టెలు నిలబడాల్సినన్నాళ్లూ నిలబడ్డాయి. ఐరాల పని కట్టెలకు బదులు నిలబెట్టే ఇనుప జాకీలు ఉన్నవాళ్లకు పోయింది. చివరికి మా మరిదే పోయి విప్పుకొచ్చాడు. బాల్కనీకి వెంట్రుకంత చీలిక కూడా లేదన్నాడు. నేను చూడలేదు. రావద్దన్నారు కదా.

అమ్మీ, చాలు. మొదట ఆయనన్న మాట రాసినావే, అది ఆయన అన్నట్టే పడిందా? ఏదీ, ఒకసారి చదువు, వింటాను.