'కానీ' దగ్గర ఆగినందుకు

మేమంతా మద్రాసు గవర్నమెంటు కింద, కర్నూలు జిల్లా లెక్కలో ఉండిన ఆ కాలంలో, మా మార్కాపురం వైపు ఎవరైనా ఎదుటి మనిషి చెప్పింది చెప్పగానే ఒప్పుకున్నాడంటే వాడి మనసులో ఏదో ఉందని అర్థం. "ఎండ బాగా ఉండాది" అని ఒకడంటే, రెండోవాడు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూసి, కాసేపు ఆలోచించి, "ఉంటే ఉండొచ్చు" అనేవాడు. నీళ్లు దొరకని నేల మీద బతికేవాళ్లు నమ్మకాన్ని కూడా పొదుపుగానే వాడుకుంటారు. అలాంటి చోట పుట్టి, ఎదుటివాణ్ణి మాటతో ఒప్పించే విద్య నేర్చుకోవాలని బయలుదేరినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ విద్యకు క్లాసులు పెట్టారట, పుస్తకాలు అమ్ముతున్నారట. మా మనవడు ఒకటి కొనుక్కొచ్చి అట్ట మీది మనిషిని చూపించాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అంతగా నవ్వేవాణ్ణి నేనైతే గుమ్మం దాటి లోపలికి రానివ్వను.

నా చదువు మూడో తరగతితో ఆగింది. మిగిలిందంతా మా పల్లె పక్కనే ఉన్న మార్కాపురంలో, పలకల కార్ఖానాలో నేర్చుకున్నాను. గనిలోంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్దితే, దానికి చెక్క చట్రం బిగించి పెట్టెల్లో సర్దడం నా పని. పలకకూ పలకకూ నడుమ పెట్టడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. చదవకుండా ఒక్క కాగితం కూడా పెట్టెలో పెట్టేవాణ్ణి కాదు. (దేశంలో పిల్లకాయలు ఆ పలకల మీద అక్షరాలు దిద్దక ముందే, వాటి నడుమ పెట్టిన కాగితాలతో నేను చదువుకున్నాను. ఈ సంగతి డిగ్రీలున్నవాడు ఎవడూ లెక్కలోకి తీసుకోడు.) చించిన కాగితాలు కావడంతో ఏ వార్తా సాంతం దొరికేది కాదు. సభలో ఎవరో పెద్దమనిషి లేచి "తమరు చెప్పినది నిజమే. కానీ" అన్నంత వరకు నా చేతిలో ఉండేది, తరవాత ఆయన ఏమన్నాడో ఇంకో పెట్టెలో ఏ ఊరికో పోయేది. అయినా ఆ ఎత్తు నాకు నచ్చింది. అంతవరకు వింటేనే ఎదుటివాడు ఓడిపోయినట్టు అనిపించేది.

ఇంతలో ఇల్లటం మాట వచ్చింది. ఇల్లటమంటే ఈ కాలపు వాళ్లకు తెలియకపోవచ్చు. మగపిల్లలు లేని రైతు తన కూతుర్నిచ్చి అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకుంటాడు, కొడుకుతో చేయించినట్టే సేద్యం చేయిస్తాడు, కొడుక్కిచ్చినట్టే భూమి ఇస్తాడు. అర్ధవీడులో మా అమ్మకు వరసకు అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, చేను, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి. మా ఇంట్లోనేమో ముగ్గురం అన్నదమ్ములం, రాళ్లు ఎక్కువా మన్ను తక్కువా ఉన్న కొంచెం నేల. ముగ్గుర్లో చివరివాణ్ణి నేను. ఎవరిని పంపుతారో వేరే చెప్పాలా? ఆ నెలంతా మా వదిన నాకు అడక్కుండానే రెండోసారి పెరుగు వేసింది. అప్పుడే అనుమానించాను.

నాకు ఇల్లటం పోవడం ప్రాణం మీదికి వచ్చినట్టే ఉండేది. కార్ఖానాలో నన్ను నా పేరుతో పిలిచేవాళ్లు. అక్కడికి పోతే చచ్చేదాకా ఫలానావారి అల్లుణ్ణి. పోనని మొండికేస్తే నాయన చర్నాకోల తీసేవాడు. అందుకని మొండికెయ్యకుండా, వాదించి, నలుగురి ముందూ న్యాయంగా గెలవాలనుకున్నాను.

గురువు కోర్టు దగ్గర దొరికాడు. ఆయన్ని అందరూ వకాల్తా తాత అనేవాళ్లు. ప్లీడరు కాదు, గుమాస్తా కాదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పల్లెటూరి వాళ్లను కోర్టు బయట అరుగు మీద కూర్చోబెట్టి, లోపల ఏమి అడుగుతారో, దానికి ఏమి చెప్పాలో నేర్పేవాడు. (ఒకే దావాలో రెండు పక్షాల సాక్షులకూ నేర్పేవాడని చెప్పుకునేవాళ్లు. అప్పుడు నేను అది ఆయన గొప్పతనమనుకున్నాను.) పొగాకు కాడ ఒకటి ముందు పెట్టి, నా గోడు చెప్పుకున్నాను.

"కొట్లాడబాక," అన్నాడు తాత, కాడ వాసన చూసుకుంటూ. "కొట్లాడినోడికి ఎవరూ ఇయ్యరు. ముందు ఒప్పుకో. 'తమరన్నది నిజమే' అను. దాంతో వాని పట్టు సడలిపోతాది. అప్పుడు 'కానీ' అను. అని ఆగు."

"ఆగి?"

"ఆగడమేరా విద్య! గుక్క తిప్పుకుని, వాని కళ్లల్లోకి చూడు. ఏమి చెప్తాడో అని వాడు గిలగిలా కొట్టుకోవాల. అప్పుడు నీ మాట వేసినావంటే, ఆకలిగొన్నోనికి అన్నం వేసినట్టు మింగుతాడు."

మొదట మా మేస్త్రీ మీద ప్రయోగించాను. చట్రాలు వంకరగా బిగిస్తున్నానని తిడుతుంటే, "తమరన్నది నిజమే మేస్త్రీ," అన్నాను. ఆయన తిట్టడం ఆపి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఏంట్రా, ఎందుకు ఒప్పుకుంటున్నావు? ఏం పగలగొట్టావు?" అన్నాడు. నేను బెదరలేదు. "కానీ," అని, ఆగి, కళ్లల్లోకి చూశాను. "కానీ ఏంటి? చెప్పు!" అని ఆయన నిజంగానే గిలగిలలాడాడు. "చెక్కే పచ్చిది," అన్నాను. మేస్త్రీ చెక్క తీసుకుని వంచి చూసి, చెక్కలవాణ్ణి తిట్టడానికి పోయాడు. ఆ రోజు కార్ఖానా నుంచి నేను నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను. మేస్త్రీ గుంటూరు వైపు మనిషి అనే సంగతి నా బుర్రకు అప్పుడు తట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

అర్ధవీడు మామ మాట్లాడుకోవడానికి మా ఊరు వచ్చినాడు. మా పెదనాయన ఇంటి పంచలో అందరూ కూర్చున్నారు. నాయన గోడకానుకుని నేల చూస్తున్నాడు, వదిన తలుపు పక్కన నిలబడింది. నేను ఉపన్యాసమంతా నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. నా కూడు నేను సంపాదించుకుంటున్నాను, ఎవరికీ బరువు కాను. నాయన ముసలివాడవుతున్నాడు, రేపు అన్నలు వేరు పడితే చూసుకోవడానికి నేను దగ్గర ఉండాలి. పైగా అత్తగారింట్లో మొగోడు తల వంచుకుని తినే అన్నం ఒంటికి పట్టదు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

మామ చెప్పుకొచ్చినాడు. "నాకు కొడుకులు లేరు పెద్దాయనా. బావి ఉండాది, ఎద్దులుండాయి, తోలే చెయ్యి లేదు. పిల్లోడు మా ఇంట్లో అల్లుడి మాదిరి ఉండడు, ఇంటోని మాదిరి ఉంటాడు." ఆయన గొంతు కొంచెం వణికింది. (వణికించాడేమోనని అప్పుడే అనుమానించాను.)

పెదనాయన నా వైపు తిరిగినాడు. "ఏరా నాయనా, విన్నావు గదా. మామ అడిగింది న్యాయంగానే ఉండాది. ఏమంటావు?"

నేను లేచి నిలబడ్డాను. "తమరన్నది నిజమే పెదనాయనా," అన్నాను. పంచలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. విద్య పనిచేస్తోంది. "కానీ," అన్నాను. అని ఆగి, గుక్క తిప్పుకుని, ఆయన కళ్లల్లోకి చూశాను.

పెదనాయన తొడ మీద ఫెళ్లుమని చరిచినాడు. "ఇన్నారు గదా! పిల్లోడే 'కానీ' అంటుండాడు! ఇంకేముంది, కానీండి!"

అయ్యా, వాక్యం మొదట్లో 'కానీ' అని నిలబెట్టి మాట్లాడేది పేపర్లలోని పెద్దమనుషులూ, కోర్టులోని ప్లీడర్లూ, గుంటూరు మేస్త్రీలూ. మా ఊళ్లో 'కానీ' అంటే 'జరగనీ' అనే. పని కానీ, పెళ్లి కానీ, అంతే. అది నాకు ఆ క్షణంలో వెలిగింది. "అట్ల కాదు పెదనాయనా..." అని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి వదిన ఇంత బెల్లం గడ్డ కుక్కింది. "మా మరిది బంగారం!" అంటూ. అంత బెల్లం ఆమె చేతిలోకి అంత తొందరగా ఎట్లా వచ్చింది? నన్ను అడిగితే అది పొద్దుటినుంచీ కొంగులోనే ఉంది. మామ నన్ను కౌగలించుకుని భుజం మీద కన్నీళ్లు కార్చాడు. నేను ఊఁ ఊఁ అన్నాను. "ఊఁ అంటుండాడు!" అన్నాడు నాయన, ఎన్నడూ లేనంత సంతోషంగా. గడ్డ కరిగేసరికి తాంబూలాలు మారిపోయాయి. నలుగురి ముందు మారిన తాంబూలం వెనక్కి పోదు.

మర్నాడు కోర్టు అరుగు దగ్గర వకాల్తా తాతను పట్టుకుని నిలదీశాను. ఆయన సాంతం విని, ఏమాత్రం సిగ్గుపడలేదు. "పల్లెటూరి వాళ్ల ముందర 'కానీ' అనమని నేనన్నానా? అక్కడ 'అయితే' అనాల. యాడ 'కానీ', యాడ 'అయితే' అనేది రెండో పాఠం. నువ్వు మొదటి పాఠానికే ఎగిరిపోయినావు," అన్నాడు. నేను చూస్తుండగానే ఒడిలోంచి పొగాకు కాడ తీసి తుంచుకున్నాడు. ముందురోజు మామ మావాళ్లందరికీ పంచినదీ అట్లాంటి లావాటి కాడే. పొగాకన్నాక అంతా ఒకటే మాదిరి ఉంటుందని మీరనవచ్చు. అనండి.

పెళ్లయింది. అర్ధవీడు పోయాను. పొద్దున్నే కపిల తోలడం, మధ్యాహ్నం మిరప తోటకు నీళ్లు కట్టడం. తోలేది ఎద్దుల్నే అయినా లోలోపల పెదనాయనతో వాదిస్తూనే ఉండేవాణ్ణి. పంచలో ఆగిన చోటినుంచి మొదలుపెట్టి, ప్రతిరోజూ గెలిచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నా భార్య సంగటి తెచ్చి గట్టు మీద పెట్టి, "నువ్వు పెదాలు కదుపుతుంటావే, ఎవరితోనబ్బా?" అంది. అప్పటిదాకా మేమిద్దరం ఉప్పు, కారం, పశువుల సంగతి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఇంక ఆపుకోలేక ఉపన్యాసమంతా ఆమె ముందు పెట్టాను. నా కూడు, మా నాయన ముసలితనం, తల వంచుకున్న మొగోడు, ఏదీ వదల్లేదు. ఎంత బాగా వచ్చిందంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఆమె గట్టు మీద కూర్చుని విన్నది. అంతా అయిపోయాక, "నువ్వు చెప్పేది న్యాయం," అంది. "మా నాయనకు నేను చెప్తా. మార్కాపురం పోదాం. నేనూ పలకలు రుద్దుతా."

నా జీవితంలో వాదించి ఒప్పించిన మొట్టమొదటి మనిషి! గెలిచాను. గెలిచి, చేతిలో చర్నాకోలతో నిలబడి చూస్తే, నీళ్లు నాలుగో సాలు దాకా వచ్చి ఐదో సాల్లోకి తొంగి చూస్తున్నాయి. మిరప మొక్కలు అప్పుడప్పుడే పిందె వేస్తున్నాయి.

"ఎండలో ఏం పోతాంలే," అన్నాను.

"సాయంత్రం పోదాం."

"సాయంత్రం పోతే ఆ మూల నీళ్లు ఎవరు కడతారు?"

"అయితే రేపు?"

నేను అంతవరకు చదివిన పేపర్లన్నీ వెతికాను, నేర్చిన విద్యంతా తోడాను. నా సొంత ఉపన్యాసానికి నా దగ్గర ఒక్క జవాబూ లేదు. చివరికి, "వద్దులే," అన్నాను. అంతే.

"సరేలే," అని ఆమె ముంత తీసుకుని లేచింది. గట్టు దిగి పోతుంటే వెనకనుంచి ఆమె భుజాలు కొంచెం అదిరినట్టు కనిపించాయి. నవ్విందా? దగ్గిందా? నా వాదనకు నిజంగా లొంగిందా, లేక లొంగినట్టు చేస్తే నేనే వెనక్కి తగ్గుతానని మనసులోనే లెక్క వేసుకుందా? ఇన్నేళ్లకు, మొన్న మొన్ననే తెగించి అడిగాను కూడా. చింతపండులో గింజలు తీస్తూ, తలెత్తకుండా, "నువ్వు పోదామంటే పోయేదాన్నే గదా," అంది. ఈ మాటలో అవును ఉందో కాదు ఉందో ఎంత తిప్పి చూసినా నాకు చిక్కడం లేదు. ఆ గట్టు మీద గెలిచి కూడా దిక్కులు చూస్తున్న కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం కోపం రాదు, నవ్వొస్తుంది. పాపం వాడికి తెలియదు, మార్కాపురం వదిలి వచ్చింది ఏనాడో అయినా, అర్ధవీడుకు వాడు చేరింది ఆ పూటే.