అత్తగారి పైవరస

ఆ వీధిలో పళ్ళాయనకి వేరే పేరు ఉందని ఎవరికీ గుర్తు లేదు. కట్టుడు పళ్ళు చేస్తాడు కాబట్టి పళ్ళాయన. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా మెట్ల కింద నిలబడి "పళ్ళాయనా" అనే పిలుస్తాడు. మేడమీద ఒకే గది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద మైనం కరిగించే చిన్న దీపం, అరల నిండా జనం దవడల అచ్చులు. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమని సామెత. కట్టించుకోవడానికి మాత్రం ఏ చెయ్యి పడితే ఆ చెయ్యి పనికిరాదని పళ్ళాయన నమ్మకం. చుట్టుపక్కల ముసలివాళ్ళు సగం మంది అతను చేసిన పళ్ళతోనే నములుతున్నారు, వాటితోనే కోడళ్ళ మీద పళ్ళు నూరుతున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు.

ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ సాక్షాత్తూ అత్తగారు.

ఆవిడ రెండు వీధుల అవతల వేరుగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే అల్లుడు తన పనిపెట్టె పట్టుకెళ్ళి ఆవిడ వసారాలో పీట వేసుకుని కూర్చోవాలి. ఆవిడ పళ్ళు తీసి అతని అరచేతిలో పెట్టి "వదులు" అంటుంది. అతను ఆకురాయితో అరగదీసి, మైనం అద్ది, సవరించి ఇస్తాడు. పెట్టుకుని "ఇప్పుడు బిగుతు" అంటుంది. అల్లుడికి ఇచ్చే మర్యాదా తగ్గదు, దెప్పిపొడుపూ తగ్గదు. ఒక వారం వదులు, ఒక వారం బిగుతు, దవడేమన్నా సముద్రమా ఆటుపోట్లు రావడానికి అని పెళ్ళాం దగ్గర గొణుక్కునేవాడే గాని, ఆవిడ ఎదుట మాత్రం నోట్లో నాలుక లేని మనిషి.

అలాంటిది ఒక ఆదివారం ఆవిడ బాంబు పేల్చింది.

"అల్లుడుగారూ, ఇక మీకు శ్రమ వద్దులెండి. స్టేషన్ ఎదురుగా అద్దాల షాపు పెట్టాడు చూశారా, వచ్చే సోమవారం వాడి దగ్గర కొత్త సెట్టు చేయించుకుంటాను."

పళ్ళాయనకి ముందు వ్యాపారం గుర్తొచ్చింది. సొంత అత్తగారే పరాయివాడి పళ్ళతో వీధిలో నవ్వుకుంటూ పోతే, ఇక తన మెట్లెక్కేదెవరు? మెట్ల సంగతి అటుంచండి, తలెత్తుకుని తిరిగేదెలా? వారమంతా అన్నం సయించలేదు. చూడలేక భార్యే ఉపాయం చెప్పింది.

"అమ్మ మనసు గాలిమార్పుకి మెత్తబడుతుందండీ. ఆదివారం కలిసొచ్చేలా గుర్రాల ఫారానికి తీసుకెళ్దాం. అక్కడ మీరే నెమ్మదిగా అడగండి."

మహానగరం పొలిమేర దాటి కొంచెం దూరం పోతే అన్నీ గుర్రాల ఫారాలే. పచ్చిక, చెక్క కంచెలు, మనుషుల్ని లెక్కచేయని గుర్రాలు, వాటిని చూడ్డానికి డబ్బిచ్చి వచ్చే మనుషులు. అత్తగారు, కారులో ముందు సీటు తనదే అన్న షరతు మీద ఒప్పుకుంది. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా పళ్ళు టకటకమనిపించి "విన్నారా, వదులు" అని గుర్తుచేసింది. ఆ దారిలో గతుకులకేం కొదవ లేదు.

ఫారం నడిపే గుర్రాలావిడ మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని ఎదురొచ్చింది. గుర్రాలతో ఉండి ఉండి మనుషుల్ని కూడా మెడ మీద తట్టి పలకరించడం అలవాటైపోయిన మనిషి. వీళ్ళకిచ్చిన గది ఒకప్పటి గుర్రపు కొట్టం. గోడలకి సున్నం వేసి, మంచాలు వేసి, తలుపు మాత్రం పాతదే ఉంచారు. అడ్డంగా రెండు చెక్కలు, పైచెక్క తెరిస్తే కిటికీ. ఇంకా సంచులు దించనేలేదు, ఆ పైచెక్క లోంచి ఒక గోధుమరంగు తల లోపలికొచ్చి మంచాల వంక తేరిపార చూసింది.

"ఈ గది దానిదేనండీ," అంది గుర్రాలావిడ. "అద్దెకివ్వడం దానికిష్టం లేదు. ఎవరొచ్చినా ఇలా వచ్చి చూసి బాధపడుతుంది."

"సొంత ఇంట్లోంచి గెంటేస్తే ఎవరికైనా ఉంటుంది," అంది అత్తగారు. ఆ క్షణం నుంచి ఆవిడా ఆ ఆడగుర్రమూ ఒక జట్టు. బుట్టలో క్యారెట్లు ఇచ్చి పోయింది గుర్రాలావిడ.

అత్తగారు తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని గుర్రానికి ఒక్కొక్క క్యారెట్టూ అందిస్తోంది. మొహం ప్రసన్నంగా ఉంది. ఇదే అదనని భార్య మోచేత్తో పొడిచింది. పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఆ సోమవారం సంగతి..."

"సోమవారం సంగతేముంది? మీ పనితనం మీరే చూడండి."

అని, చేతిలో ఉన్న క్యారెట్టుని ముందు పళ్ళతో గట్టిగా కొరికి బయటికి లాగింది. క్యారెట్టుతో పాటు పైవరస మొత్తం ఊడొచ్చింది. దిగబడిన పళ్ళతో సహా ఆ క్యారెట్టుని, కోర్టులో సాక్ష్యం చూపించినట్టు, పైకెత్తి పట్టుకుంది. వెనకనుంచి గుర్రం మెడ చాపి ఆ సాక్ష్యాన్ని నోట్లో వేసుకుంది.

గుర్రం క్యారెట్టుని కరకర నమిలి, ఆగిపోయింది. మింగలేక కక్కలేక నిలబడి, పై పెదవి ముక్కు మీదికి ఎత్తింది. పొడుగాటి పసుపు పళ్ళ సందున అత్తగారి చిన్న తెల్లటి పళ్ళు నవ్వుతున్నాయి.

"అచ్చం అమ్మలాగే ఉందండీ," అంది భార్య సన్నగా.

అలికిడికి గుర్రాలావిడ వచ్చింది. "ఎవరూ కదలొద్దు. ఏం తింది?"

"మా అమ్మ పళ్ళు."

"ఎన్ని?"

"పైవరస మొత్తం."

ఆవిడ గొంతు తగ్గించింది. "బెదిరితే మింగేస్తుంది. మింగితే ప్రాణం మీదికొస్తుంది."

పళ్ళాయనకి గుర్రాలంటే భయం. అయినా కాళ్ళు వాటంతటవే గుర్రం ముందుకి నడిచాయి. ఎడమచెయ్యి అలవాటు కొద్దీ దాని గడ్డం కిందికి వెళ్ళింది. తన గదిలో ముసలమ్మల్ని అడిగినట్టే అడిగాడు.

"అమ్మా, కాస్త నోరు తెరవండి."

గుర్రం తెరవలేదు. ముసలమ్మలు మొండికేస్తే అతను చేసే పని ఒకటుంది. ముందు తనే 'ఆ' అని నోరు బార్లా తెరుస్తాడు. అలాగే తెరిచి నిలబడ్డాడు. గుర్రం అతని నోట్లోకి తొంగి చూసింది, కొట్టం అద్దెకి తీసుకునేంత శ్రద్ధగా.

వెనక గుర్రాలావిడ అత్తగారి భుజం తట్టింది. "పశువుల డాక్టర్ని పిలుస్తానమ్మా. పట్టకారుతో విరగ్గొట్టి ముక్కలుగా తీసేస్తాడు. మీరు ఊళ్ళో కొత్తవి కట్టించుకుందురుగాని. పళ్ళదేముంది, ఎవరు చేసినా పళ్ళే."

అత్తగారు ఇంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి తీసేసింది.

"ఎవరు చేసినా పళ్ళే అంటావేంటమ్మా? మా అల్లుడుగారు నా పెళ్ళినాటి ఫోటో ముందు పెట్టుకుని చేసిన పళ్ళు అవి. నా ముందు పన్ను చిన్నప్పట్నుంచీ కాస్త వంకర. చెప్పకుండానే ఆ వంకర అలాగే పెట్టారు. అద్దంలో చూసుకుంటే నేనే కనబడతాను. ఆ అద్దాల షాపు వాడికేం తెలుసు, అందరికీ ఒకటే మూతి అంటిస్తాడు. పట్టకారు తెచ్చావంటే ఊరుకోను."

మాటలు సగం గాలితో వచ్చాయి గాని, ఒక్కటీ పొల్లుపోలేదు. పళ్ళాయన వెనక్కి తిరగలేడు, నోరు మూయలేడు. ఆ వంకరని ఆవిడ చూడనే లేదని, చూసుంటే అదో తప్పు పట్టేదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. నోరు తెరుచుకునే ఏడ్చాడు పాపం. అలా ఏడవడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే గాని తెలియదు.

మనిషి కన్నీళ్ళు చూసి జాలి పడిందో, అంతసేపు తెరిచిన నోరు చూసి దానికీ ఆవులింత వచ్చిందో గాని, గుర్రం దవడ బార్లా తెరిచింది. పైవరస నురగతో సహా అతని అరచేతిలో పడింది.

గుర్రాలావిడ వేడినీళ్ళ కెటిల్ తెచ్చింది.

"వేడినీళ్ళు వద్దండీ, పళ్ళు వంకర పోతాయి," అన్నాడు పళ్ళాయన.

"ఉన్న వంకర చాలు," అంది అత్తగారు.

చన్నీళ్ళలో సబ్బుతో తోమాడు, మళ్ళీ తోమాడు, ఆదివారం కదా అని వెంట తెచ్చుకున్న పనిపెట్టె తెరిచి మందునీళ్ళలో నానబెట్టాడు. గుర్రం పన్ను దిగిన చోట ఆకురాయితో నునుపు చేసి, గుడ్డతో తుడిచి, రెండు చేతులతో అందించాడు. ఆవిడ పెట్టుకుంది. టకటకమని కొరికి చూసుకుంది. భార్య, గుర్రాలావిడ, తలుపు మీంచి గుర్రం ఆవిడ నోటికేసే చూస్తున్నారు. పళ్ళాయన పీట లేక నేలమీదే కూర్చుని ఉన్నాడు.

"వదులు," అంది అత్తగారు. "వచ్చే ఆదివారం వస్తారుగా, చూద్దురుగాని."