ఎడమవైపు ముందు తలుపు

పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా మేస్త్రి కారు దగ్గరికి వెళ్తాడు. ఎడమవైపు ముందు తలుపు హ్యాండిల్‌ని ఒక్క వేలితో ఎత్తుతాడు. తలుపు తెరుచుకుంటుంది. మూస్తాడు. మళ్లీ ఎత్తుతాడు. మూడుసార్లు అలా చేసి, ఆ చప్పుడు చెవి ఒగ్గి విని, అప్పుడు లోపలికి వెళ్లి టీకి నీళ్లు పెట్టుకుంటాడు. పై వాటాలో ఉండే ఆవిడ మొదట్లో కిటికీలోంచి చూసి, "అయ్యో, ఈయనకేదో అయింది" అనుకుందట. ఇప్పుడు ఆ మూడు చప్పుళ్లూ వినిపిస్తే గానీ ఆవిడకి తెల్లారదు.

షెడ్ల వరసలో నాలుగోది మేస్త్రిది. ఇంజన్ల జోలికి పోడు, రంగులు వెయ్యడు. కారు తలుపులు మాత్రమే చూస్తాడు. అద్దం దిగనివి, తాళం పడనివి, పడితే మళ్లీ రానివి. తాళంచెవి లోపలే వదిలేసి తలుపేసుకున్నవాళ్లు ఏడుపు మొహాలతో వస్తారు. ఆయన అద్దం పక్క సందులోంచి ఒక సన్నటి రేకుబద్ద దించి, కళ్లు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు అటూ ఇటూ కదిపి, టక్కుమనిపిస్తాడు. కారు మీద గీత కూడా పడదు.

పక్క షెడ్డులో బ్యాటరీలమ్మే ఆయన మేస్త్రి భార్యని చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆ వరసన మేస్త్రి ఆయనకి బావయ్యాడు.

"మా బావ దొంగతనాల్లోకి దిగుంటే ఈపాటికి మనందరికీ తలా ఒక మేడ ఉండేది" అనేవాడు.

"దిగుదామనే అనుకున్నా. మీ చెల్లెలు దిగనివ్వలేదు" అనేవాడు మేస్త్రి.

ఇంత పనితనం ఉన్న మనిషి సొంత కారుకి ఎడమవైపు ముందు తలుపు రెండేళ్లపాటు సరిగ్గా రాలేదు. లోపలి హ్యాండిల్ తీగ ఎప్పుడో తెగిపోయింది. బయటి హ్యాండిల్ లాగితే ఒకసారి వచ్చేది, పదిసార్లు వచ్చేది కాదు. ఆ తలుపు పక్కన కూర్చునేది ఆయన భార్య. కర్టెన్లు కుట్టే షాపులో ఆవిడ పని. రోజూ షెడ్డుకి వెళ్తూ ఆవిడని అక్కడ దింపేవాడు.

"ఏమండీ, ఈ తలుపు సంగతి కాస్త చూడకూడదూ?"

"ఆదివారం చూస్తాగా."

"ఏ నెల ఆదివారం?"

"అబ్బ, వెటకారం ఎక్కువైంది నీకు."

ఆదివారం రాగానే ఎవరో ఒకరు పెళ్లికెళ్లాలనో, ఊరెళ్లాలనో బిగుసుకుపోయిన తలుపుతో వచ్చేవారు. మేస్త్రి లేచి వెళ్లిపోయేవాడు. ఆవిడ పెద్దగా కోప్పడేది కాదు. "ఊళ్లో తలుపులన్నీ మీ మాట వింటాయి. ఇదొక్కటీ నా మాట వింటుంది. పోనీలెండి, ఇంట్లో నా మాట వినేది ఒక్కటైనా ఉంది" అనేది. ఆయన నవ్వేసేవాడు. నిజంగానే అది ఆవిడకి తెరుచుకునేది. ఎలా తెరుచుకుంటోందని ఆయన ఒక్కనాడూ అడగలేదు. తను స్టీరింగ్ ముందు కూర్చుని ఉండేవాడు. ఆవిడ బయట కాస్త వంగి, కాలు ఎత్తి ఏదో చేసేది. చెప్పులకంటిన మట్టి దులుపుకుంటోంది కాబోలు అనుకునేవాడు. దిగేటప్పుడు అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, తలుపుని తనవైపు లాక్కుంటూ ఏదో చేసేది. ఈలోగా ఆయన మనసు షెడ్డులోని మొదటి కారు మీదికి పోయేది.

ఒకరోజు మధ్యాహ్నం షాపు నుంచి ఫోనొచ్చింది. ఆవిడకి ఒంట్లో బాగోలేదు, వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆయన వెళ్లేసరికి షాపు మెట్ల మీద నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తనే నడిచొచ్చి, తనే తలుపు తీసుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"గ్యాసనుకుంటా. మీరు కంగారుగా నడపకండి."

రెండు సిగ్నళ్లు దాటాక ఆవిడ తల అద్దానికి ఆనింది. పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రి గుమ్మం ముందు కారాపి అరిస్తే, స్ట్రెచర్‌తో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. తలుపు రాలేదు.

"లాక్ తియ్యండి సార్!"

"వెయ్యలేదయ్యా! లాగు, గట్టిగా లాగు!"

ముగ్గురూ కలిసి లాగారు. లాగినకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. అద్దానికి అవతల ఆవిడ తల కుదుపుకి అటూ ఇటూ ఊగింది. పనిముట్ల పెట్టె షెడ్డులో ఉంది. జేబుల్లో వెతుక్కుంటే చేతిగుడ్డ దొరికింది. చివరికి వాళ్లలో ఒకతను వెనక తలుపులోంచి దూరి, సీటు వాల్చి, చంకల కింద చేతులు వేసి ఆవిడని వెనక్కి లాగాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందని గుమ్మం దగ్గర కాపలా మనిషి తర్వాత ఎవరితోనో అంటుంటే మేస్త్రి విన్నాడు.

"ఆ నాలుగు నిమిషాల వల్ల ఏమీ మారేది కాదండీ. గుండె దారిలోనే ఆగిపోయింది" అని డాక్టరు చెప్పాడు. మేస్త్రి తలూపాడు.

బయట బల్ల మీద కూలబడితే, స్ట్రెచర్ తోసినతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మనిషిని మాటల్లో పెడదామనుకున్నాడో ఏమో, "మీరేం చేస్తుంటారు సార్?" అని అడిగాడు. మేస్త్రి తాగకుండానే గ్లాసు తిరిగిచ్చేశాడు.

ఆ తర్వాత కారుని ఇంటి ప్రహరీకి ఆనించి పెట్టేశాడు, ఎడమవైపు గోడకి ఉండేలా. షెడ్డుకి నడిచి వెళ్లేవాడు. పని మానలేదు. అయితే 'ఆదివారం రండి' అనే మాట ఆయన నోట మళ్లీ రాలేదు. వచ్చిన తలుపుని వచ్చినపూటే విప్పేవాడు. బ్యాటరీలాయన హాస్యాలాడటం మానేశాడు. ఒకటి రెండుసార్లు, "బావా, ఆ కారు తలుపు నేను విప్పించనా?" అని అడిగి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఊరి అవతలి చివర కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం, అక్కడే ఒక గదిలో ఉంటోంది. రోజూ ఫోన్ చేసేది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా. నువ్వు?"

"తిన్నా."

అంతకుమించి ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఎప్పుడైనా ఇంటికొస్తే గోడ పక్క కారుని చూడకుండా, తల తిప్పుకుని గబగబా లోపలికి వెళ్లిపోయేది. అది మేస్త్రి కనిపెట్టాడు. వాళ్లమ్మని తనే పొట్టనపెట్టుకున్నాడని పిల్ల అనుకుంటోందని ఆయనకి తేటతెల్లంగా అర్థమైంది. అనుకోవడంలో తప్పేముంది, అనుకున్నాడు. తిడితే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. ఆమె ఒక్కసారి గట్టిగా తిడితే ఆ తలుపు ముట్టుకునే ధైర్యం వస్తుందని ఆయన ఆశ.

అయిదో నెలలో ఒక ఆదివారం పొద్దున, ఎవరూ తిట్టకుండానే లేచి, కారుని గోడ నుంచి బయటికి తీశాడు. కుడివైపు నుంచి ఎక్కి, పక్కకి జరిగి, మొదటిసారి భార్య సీట్లో కూర్చున్నాడు. తలుపు జేబులో, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క, నాలుగు గుండుసూదులు గుచ్చిన కాగితం ఉన్నాయి. వాటిని చొక్కా జేబులో పెట్టుకుని, తలుపు లోపలివైపు కప్పి ఉండే డోర్ ప్యాడ్ మరలు విప్పసాగాడు.

ప్యాడ్ చేతికి వచ్చేసరికి గేటు చప్పుడైంది. అమ్మ బట్టలు సర్దడానికి కూతురు వచ్చింది. కారుని నడివాకిట్లో చూసి ఆగిపోయింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"బాగు చేస్తున్నా."

"ఇప్పుడా?"

ఆ ఒక్క మాటా ఆయనకి సూటిగా తగిలింది. "ఇప్పుడేనమ్మా. తిట్టు. అయిదు నెలల నుంచీ చూస్తున్నా, ఎప్పుడు తిడతావా అని" అన్నాడు.

ఆమె కారు చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చింది. హ్యాండిల్‌కి జానెడు కింద మోకాలు ఆనించి, తలుపుని లోపలికి నెట్టింది. నెట్టి ఉంచి, రెండు వేళ్లతో హ్యాండిల్ ఎత్తి, మోకాలు వదిలి లాగింది. తలుపు తెరుచుకుంది.

తండ్రి లోపల, కూతురు బయట. మధ్యలో తలుపు లేదు.

"ఎవరు నేర్పారే?" అన్నాడు.

"అమ్మ." ఆమె కింద కూర్చుండిపోయింది. "నీకు చెప్పొద్దంది నాన్నా. 'మీ నాన్నకి తెలిసిందో, ఇక ఈ జన్మలో బాగు చెయ్యడు. ఆయనంతట ఆయనే సిగ్గుపడి చెయ్యాలి. నామీద ఒట్టు, చెప్పకు' అంది. నేను ఒట్టేశాను. నవ్వుతూ ఒట్టేశాను. నీకెప్పుడైనా దొరుకుతుందేమో చూద్దామని ఇద్దరం పందెం కూడా కాసుకున్నాం. ఆ రోజు తలుపు రాలేదని నువ్వు ఫోన్‌లో చెప్పేసరికి..."

మేస్త్రి దిగి పక్కన కూర్చున్నాడు. అయిదు నెలలుగా ఈ పిల్ల కారు నుంచి తల తిప్పుకున్నది తనని చూడలేక కాదని ఇప్పుడర్థమైంది.

"నీ తప్పేం లేదు తల్లీ. చిన్నపిల్లవి. అమ్మ సరదాకి అంది."

"నీదీ లేదు నాన్నా. డాక్టరు చెప్పాడుగా."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మలేదు.

కాసేపయ్యాక ఆయన చొక్కాతో మొహం తుడుచుకుని మళ్లీ లోపలికెక్కాడు. "తలుపేసి ఇంకోసారి తియ్యమ్మా. చూస్తాను."

ప్యాడ్ లేని తలుపులో లోపలి సరంజామా అంతా కనిపిస్తోంది. హ్యాండిల్ నుంచి కిందికి దిగే కడ్డీ, కడ్డీ కొసన తలుపుని పట్టి ఉంచే కొక్కెం. రెంటినీ కలిపే ప్లాస్టిక్ క్లిప్పు పగిలి ఉంది. దాంతో కడ్డీ వదులై, హ్యాండిల్ ఎత్తినా కొక్కేన్ని పూర్తిగా లాగలేకపోతోంది. బయటికి లాగితే కొక్కెం మీద బరువు పడి ఇంకా బిగుస్తుంది. అదే మోకాలితో లోపలికి నెడితే ఆ బరువు తగ్గి, వదులు కడ్డీ లాగే కాస్త లాగుడుకే కొక్కెం జారిపోతుంది.

"ఇంకోసారి" అన్నాడు.

ఆమె తీసింది. మూసింది. మళ్లీ తీసింది. ఏడోసారి ఆయన తల పట్టుకున్నాడు.

"మీ అమ్మకి స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో తెలీదే. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా. బిగుసుకున్న తలుపుని ముందు లోపలికి నెట్టాలని వచ్చిన ప్రతివాడికీ నేనే చెబుతుంటా. ఆ రోజు ముగ్గురం కలిసి బయటికే లాగాం. నేనే లాగమని అరిచాను."

ఇది ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. తనతో తను కూడా అనుకోలేదు.

హ్యాండిల్ కింద రంగు అరచేతి మేర వెలిసిపోయి ఉంది. రెండేళ్లు ఒకే చోట మోకాలు రాసుకున్న మచ్చ. ఎవరి కారు తలుపు మీద గీత చూసినా అది ఎలా పడిందో చెప్పగల మనిషి, ఈ మచ్చని దుమ్మనుకుని గుడ్డతో తుడుస్తూ వచ్చాడు.

ఆయన పెట్టెలోంచి క్లిప్పుల డబ్బా తీస్తుంటే కూతురు చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాన్నా. ఇలాగే ఉండనీ. అమ్మ చేతిది ఇదొక్కటే మిగిలింది."

"రేపు ఈ సీట్లో నువ్వు కూర్చుంటావు. పక్కన నేనుండకపోవచ్చు. తియ్యాల్సినవాళ్లకి మోకాలి సంగతి తెలీకపోవచ్చు."

"నేను చెబుతాగా."

"అమ్మ కూడా చెప్పగలిగేదే తల్లీ, స్పృహలో ఉండుంటే."

ఆమె చెయ్యి వదిలేసింది. మొహం అటు తిప్పుకుంది.

డబ్బాలో అలాంటి క్లిప్పులు గుప్పెడున్నాయి. చిటికెనవేలి గోరంత. ఆయన ఒకటి తీసి కడ్డీకి తొడిగి, వేలితో నొక్కాడు. చిన్న చప్పుడైంది. అంతే, పనైపోయింది. నిమిషం కూడా పట్టలేదు. అదేదో పూటంతా పట్టే పెద్ద పని అయ్యుంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది. తెగిన తీగ మార్చడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆయన వీలైనంత నెమ్మదిగా చేశాడు.

"తియ్యి" అన్నాడు.

ఆమె అలవాటుగా మోకాలానించి నెట్టి, హ్యాండిల్ ఎత్తి లాగింది. తలుపు అనుకున్నదానికంటే తేలిగ్గా వచ్చేసరికి ఆమె ఒకడుగు వెనక్కి తూలింది.

ఆ రోజు బట్టలు సర్దలేదు. ఎప్పటిలా తిన్నావా అంటే తిన్నా అనుకుని, సాయంత్రం బస్సుకి ఆమె వెళ్లిపోయింది.

అయితే అప్పటి నుంచి నెలకి రెండు ఆదివారాలు వస్తోంది. ఇద్దరూ కారులో బజారుకెళ్తారు. ఆమె ముందుసీట్లోనే కూర్చుంటుంది. తలుపు తియ్యబోయే ముందు ఇప్పటికీ మోకాలు ఆనిస్తుంది. అవసరం లేదని ఆయన అనడు. రంగుల షెడ్డువాళ్లు ఆ మచ్చకి పాలిష్ పెడతామని రెండుసార్లు అడిగారు. వద్దన్నాడు.

ఆ కారుకి ఇప్పుడు పద్నాలుగేళ్లు. నాలుగు తలుపులూ బాగానే పనిచేస్తాయి.