గొళ్ళెం పడిన మధ్యాహ్నం

కొత్తగా సున్నం వేసిన గదిలో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఆ తడి వాసన నన్ను ఎక్కడున్నా గౌలిపురకు లాక్కుపోతుంది. నిలువ నీడ లేనివాళ్లకు గదులు వెతికిపెట్టడం నా ఉద్యోగం. నిన్న పొద్దున, కొన్ని నెలలుగా ఆడవాళ్ల షెల్టర్‌లో ఉంటున్న రేణుకకు పాతబస్తీలో దొరికిన గది చూపించడానికి వెళ్లినప్పుడూ అంతే అయింది.

మా చిన్నప్పుడు గౌలిపురలో తెల్లవారిందంటే బర్రెల మెడగంటలు, పచ్చిగడ్డి వాసన, పాల క్యాన్ల చప్పుడు. ఆషాఢంలో బోనాలకు గల్లీ అంతా వేపమండలు, పసుపు, బెల్లపన్నం ఘుమఘుమలు. ఆ సందడి తీరకముందే ధూల్‌పేట్ షెడ్లలో వినాయకులు లేచి నిలబడేవారు. పాలు పోయడానికి వెళ్లే బాపు సైకిలెక్కి నేనూ పోయి, రంగు పడని తొండాలను వేలితో తాకి తిట్లు తిని వచ్చేదాన్ని.

సాయమ్మను మొదట అక్కడే చూశాను. మోకాళ్ల దాకా మట్టిలో దిగి తొక్కుతుండేది. మొగుడు పోయాక అత్తింటివాళ్లు వెళ్లగొడితే చిన్న కూతురిని చంకనేసుకుని పట్నం వచ్చిందట. విగ్రహాల పని ఉన్నన్నాళ్లు షెడ్డులోనే పడుకున్నారు. నిమజ్జనం అయింది, షెడ్డు మీద కప్పిన తాటిపత్రీలు విప్పేశారు, ఆ తల్లీబిడ్డలకు నీడ పోయింది.

ఒక వాన పొద్దున పాలు పోయడానికి బయల్దేరిన అమ్మకు, మూసి ఉన్న గాజుల దుకాణం చూరు కింద వాళ్లు కనిపించారు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. కింద తడి అని రాత్రంతా ఒళ్లోనే పట్టుకుని కూర్చుందట సాయమ్మ.

"గిట్ల ఎన్ని దినాలుంటవే?" అంది అమ్మ.

"యాడికి పోవాల్నక్కా? గది అడిగితే మొగడేడీ అంటున్రు."

అమ్మ వాళ్లను ఇంటికి తెచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. పిల్లను దవాఖానలో చూపించి, తల్లీబిడ్డలను మా ఇంటికి పంపి, అటునుంచే గది వేటకు బయల్దేరింది. కొంగు పట్టుకుని నేనూ నడిచాను. ఒకరు చుట్టాలొస్తారన్నారు, ఒకరు తలుపు సగమే తీశారు. చివరికి లక్క గాజులకు రాళ్లు అద్దే ఖాదర్‌బీ ఇంటికి చేరాం. ఆ ముసలామెకు వెనక చిన్న గది ఉంది, నిండా గోనెసంచులు.

"పేరు తప్ప ఏం తెల్వదు. రేపు లొల్లి అయితే జిమ్మేదారి ఎవరిది, యాదమ్మా?" అంది అమ్మతో.

"నాది. మా ఇంటికొచ్చి నన్నడుగు."

ఖాదర్‌బీ మా అమ్మ ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత ఆమె లేచి తనే ఒక సంచి పక్కకు లాగింది. "సరే, తీస్కరా. ముందుగాల పిల్లకు పొడిబట్టలు తొడుగు."

గదికి సున్నం కొట్టి, తలుపుకు లోపల గొళ్ళెం పెట్టించింది అమ్మ. ఆ మధ్యాహ్నం సాయమ్మ గొళ్ళెం వేసుకుని పడుకుంది. మేం బయట కచ్చకాయలాడుతుంటే అమ్మ వచ్చి, "జర సప్పుడు చెయ్యకుండ్రి బిడ్డా, ఎన్ని దినాలకు కండ్లు మూసిందో" అంది. ఆ మాట ఇల్లిల్లూ పాకి గల్లీ అంతా గొంతు తగ్గించింది. తలుపు సగమే తీసినాయన కూడా స్కూటర్ ఆపి నెట్టుకుంటూ పోయాడు. ఖాదర్‌బీ ఖిచిడీ పళ్లెం మీద మూత పెట్టి గడప దగ్గరే కూర్చుంది.

పొద్దు వాలుతుంటే తలుపు తెరుచుకుంది. ముందు పిల్ల వచ్చింది. జ్వరం దిగి నుదురంతా చెమట. "ఆకలైతుంది" అంది. అమ్మ అక్కడే అరుగు మీద కూలబడి, నవ్వుతూ కూర్చుంది.

తర్వాత ఖాదర్‌బీ సాయమ్మకు రాళ్లు అద్దడం నేర్పింది. పిల్ల నాతోపాటు బడికి వచ్చింది. మరుసటి వినాయక చవితికి సాయమ్మ మళ్లీ ధూల్‌పేట్ వెళ్లింది, సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చే మనిషిగా.

ఇప్పుడు గౌలిపురలో బర్రెల కొట్టాలున్న చోట అంతస్తులు లేచాయి. ఖాదర్‌బీ ఇల్లు లేదు, అమ్మ కూడా లేదు. ఒక మనిషి మాట నమ్మి తలుపు తీసే రోజులు పోయాయి. కాగితాలు చూపించి, తిరిగి తిరిగి, చెప్పులరిగితే గానీ గది దొరకదు.

కానీ నిన్న దొరికింది. రేణుక గోడలు తడిమి చూసి, కిటికీ తీసి, వెనక్కి తిరిగి మెల్లగా అడిగింది: "అక్కా, ఈడ నేనే ఒండుకోవచ్చా?"

"నీ ఇల్లే గదా, ఏమన్న ఒండుకో."

షెల్టర్‌లో ఎవరో తెచ్చిపెట్టిందే ఇన్నాళ్లూ తిన్న ఆ మనిషి, కొంగు దోపుకుని, దగ్గర్లో చింతపండు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ముందుగా పచ్చిపులుసు చేసుకుంటుందట.