గేదె ఈనింది

శామీర్‌పేట దగ్గర మా కాలనీలో చివరి ఇల్లు నాది. ప్రహరీకి అవతల రేకుల కొట్టం, అందులో ఒక గేదె, దాన్ని మేపుకునే కుటుంబం. మా ఆయన పోయాక పొద్దున్నే నేను వినే మొదటి మాటలు ఆ కొట్టంలోవే. నాతో అన్నవి కావు, గేదెతో అన్నవి.

ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసిపెట్టడం నా పని. ఈసారి పశుపోషణ మాటలు వచ్చాయి. అందులో ‘కావ్’ (calve) అని పలికే క్రియ ఒకటి, పిల్లను కనడమని అర్థం. ఆవు, గేదె, ఏనుగు లాంటివాటికే అది. మేకకు, కుక్కకు వేరే మాటలున్నాయి. మనకు అన్నిటికీ ఈనడం ఒక్కటే చాలు, వరి కూడా ఈనుతుంది. మనిషిని అంటే మాత్రం తిట్టు.

అర్థం క్షణంలో రాశాను. వాడుక చూపే వాక్యం కుదరలేదు. ఎన్నడూ చూడనిదాన్ని ఏమని రాస్తాను? నిజానికి వాక్యం ఒక సాకు. గోడ అవతలి నుంచి ఎవరైనా నన్ను పిలిస్తే బాగుండునని నా ఆశ.

“గేదె ఈనేటప్పుడు నన్ను పిలుస్తావా?” అని పక్కింటి కోడల్ని అడిగాను.

“గట్లనే మేడమ్, పిలుస్త,” అంది. వెనక వాళ్ళత్త ఊడవడం ఆపి నావైపు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టం నిండా జనం. ఎదురింటివాళ్ళు, కిరాణా కొట్టాయన, అందరూ ఉన్నారు. నేను చీర మార్చుకుని వరండాలో కూర్చున్నాను. దూడ లేచి నిలబడిందేమో, అందరూ ఒక్కసారి నవ్వారు. నాకు పిలుపు రాలేదు.

సాయంత్రం కోడలు గిన్నెలో జున్నుపాలు తెచ్చింది. “దుడ్డె పుట్టింది మేడమ్.”

“నన్ను పిలవలేదే?”

తల దించుకుంది. “అత్తమ్మ వద్దన్నది. పిల్లలు లేనోళ్ల కండ్లు పడొద్దంటది. నేనేం జెయ్యాలె, గా ఇంట్ల నా మాట నడవది.”

ఒళ్ళు మండిపోయింది. గిన్నె తిప్పి పంపేద్దామనుకున్నాను. ఆ పిల్ల కూడా రావడం మానేస్తే ఇక నాతో మాట్లాడేదెవరు? తీసుకున్నాను. బెల్లం, మిరియాలు వేసి జున్ను వండాను. చక్కగా కుదిరింది. ఆ ముక్క చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మళ్ళీ వాక్యం ముందు కూర్చున్నాను. ‘గేదె ఈనితే ఇరుగుపొరుగును పిలుస్తారు’ అని రాసి, అబద్ధమని కొట్టేశాను. ‘పక్కింటి గేదె ఈనింది’ అన్నంతవరకే ఉంచాను. గోడ అవతల వాళ్ళు అప్పుడే దుడ్డెకు పేరు పెట్టి పిలుస్తున్నారు.